స్వరపేటిక తీసేసినవాళ్లు పెదవులు కదిపితే యంత్రం ఎలా పలుకుతుంది?

స్వరపేటిక పోయినా మాటను మలిచే నాలుక, పెదవులు, దవడ కండరాలు మిగిలే ఉంటాయి కాబట్టి, వాటి కదలికను పట్టుకుని యంత్రం మాటగా మారుస్తుంది. స్వరపేటిక ఇచ్చేది నాదమే. దాన్ని అక్షరాలు చేసేది నోరు.

కండరం బిగిసినప్పుడు పుట్టే అతి చిన్న విద్యుత్ సంకేతాన్ని చెంప మీద, గడ్డం కింద, మెడ మీద అంటించిన ఎలక్ట్రోడ్లు అందుకుంటాయి. ఆ మనిషే ముందుగా సద్దు లేకుండా పలికిన వాక్యాలతో శిక్షణ పొందిన సాఫ్ట్‌వేర్ ఈ సంకేతాన్ని వాటితో పోల్చి చూసి, ఆ మాటను స్పీకర్‌లో వినిపిస్తుంది. ఎలక్ట్రోడ్ కొన్ని మిల్లీమీటర్లు జరిగినా, చెమట పట్టినా తప్పులు మొదలవుతాయి.

అసలు చిక్కు వేరే ఉంది. 'పాట', 'బాట', 'మాట' గొంతు రానీయకుండా అని చూడండి. పెదవులు మూడింటికీ ఒకేలా కలుస్తాయి. 'ప', 'బ'ల తేడా స్వరపేటికలోని స్వరతంతువుల కంపనంలో ఉంది. 'మ'కి గాలి ముక్కులోంచి పోతుంది. అందుకే యంత్రం పక్క మాటను చూసి ఊహిస్తుంది: వెనకాల 'పాడింది' వస్తే 'పాట'. విడి మాట కన్నా వాక్యమే దానికి సులువు.

ఇది ఆలోచనలు చదివేస్తుందనుకోవడం పొరపాటు. కండరానికి ఆదేశం వెళ్లాలి. ఊరికే మనసులో అనుకుంటే ఏమీ రాదు. ఆ ఆదేశమే అందని పక్షవాత రోగులకు మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చే పద్ధతి పూర్తిగా వేరు.