ప్రేమికుల రోజు కుకీలు అట్టుల్లా పరుచుకుపోతుంటే

చాలాసార్లు తప్పు మీ ఓవెన్‌ది కాదండీ, పిండి వెచ్చగా ఉండటం వల్లే పీనట్ బటర్ కుకీలు అలా పరుచుకుపోతున్నాయి. మన విజయవాడలో ఫిబ్రవరి మధ్యాహ్నానికే వెన్న జారుతుంది కదా!

1. ఇంట్లో రుబ్బిన పీనట్ బటర్‌పై నూనె తేలుతుంది. అడుగుదాకా కలిపాకే కొలవండి.

2. ఉండలు చేసి, ఫోర్కుతో నొక్కి, ట్రేతో సహా ఫ్రిజ్‌లో 30 నిమిషాలు పెట్టండి. అందరూ వదిలేసేది ఇదే. పిండి ముద్దను ముందే చల్లబరిచి, తర్వాత చేత్తో ఉండలు చేస్తే మళ్లీ వెచ్చబడుతుంది (మొదటిసారి నేను చేసిన ఘనకార్యం అదే). రెండో వాయిని వేడి ట్రే మీద పెట్టకండి.

3. 180 డిగ్రీల్లో 10-12 నిమిషాలు. తీయగానే మెత్తగా ఉంటాయి, కంగారుపడకండి. ట్రే మీదే 10 నిమిషాలు ఆరనివ్వండి.

అన్నట్టు, మీరు ఈ కుకీలు ఇవ్వబోయే వారికి వేరుశనగ పడుతుందో లేదో ముందే కనుక్కోండి.