గ్రాఫిక్స్ కార్డు మార్చాక డ్రైవర్ ఇన్‌స్టాల్ కాకపోతే

ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు తీసి ఏఎమ్‌డీ కార్డు పెట్టాక, డ్రైవర్ (కార్డుని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ మధ్యలోనే ఆగిపోతోందన్నారు కదండీ. టెన్షన్ పడకండి, కార్డు పాడైందని అప్పుడే అనుకోవద్దు. పాత డ్రైవర్‌ని మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేసినా కొన్ని ఫైళ్లు, రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) ఎంట్రీలు మిగిలిపోతాయి. చాలాసార్లు గొడవ అక్కడే.

ముందు కొత్త డ్రైవర్‌నీ, పాత డ్రైవర్‌ని పూర్తిగా తుడిచేసే డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే టూల్‌నీ (అందరూ డీడీయూ అంటారు) డౌన్‌లోడ్ చేసుకోండి. తర్వాత నెట్ పూర్తిగా ఆపేయండి. దయచేసి ఇది మాత్రం మర్చిపోవద్దు. నెట్ ఉంటే విండోస్ అప్‌డేట్ మధ్యలో దూరి తన దగ్గరున్న డ్రైవర్‌ని వేసేస్తుంది. నాకు రెండు సాయంత్రాలు ఇలాగే పోయాయి.

ఇప్పుడు సేఫ్ మోడ్‌లో (విండోస్ అత్యవసరమైన వాటితో మాత్రమే తెరుచుకునే పద్ధతి) డీడీయూ తెరిచి, ఎన్విడియా ఎంచుకుని, క్లీన్ చేసి రీస్టార్ట్ చేయండి. ఆ తర్వాతే కొత్త డ్రైవర్. డిస్క్‌ని లాక్ చేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి, సేఫ్ మోడ్‌కి వెళ్లేటప్పుడు అడగొచ్చు.

అప్పటికీ ఆగిపోతే ఏ ఎర్రర్ వస్తోందో ఇక్కడ పెట్టండి, చూద్దాం.