కొరియర్ వాళ్ళ మీదకి తోసేయొద్దండి

ఆవకాయ సీసా లీకై బూజు పట్టి వచ్చిందని కస్టమర్ వీడియో పెట్టారు, తప్పు కొరియర్ వాళ్ళదని రిప్లై ఇవ్వనా అన్నారు కదా, వద్దండి. నిజంగా వాళ్ళదే అయినా డబ్బులు తీసుకుంది మీరు కాబట్టి జనం మిమ్మల్నే అడుగుతారు. 2003లో మహారాష్ట్రలో క్యాడ్బరీ చాక్లెట్లలో పురుగులొచ్చినప్పుడు కంపెనీ ముందు షాపుల్లో సరిగ్గా స్టోర్ చెయ్యలేదంది, అమ్మకాలు పడిపోయాయి, చివరికి 2004లో ప్యాకింగే మార్చి అమితాబ్ బచ్చన్‌తో యాడ్స్ చేయించుకోవాల్సొచ్చింది. మీకు అమితాబ్ అక్కర్లేదులెండి :) ముందు ఆ కస్టమర్‌కి ఫోన్ చేసి డబ్బులు వెనక్కిచ్చేయండి, ఆ వీడియో కిందే సారీ చెప్పి సీల్ మారుస్తున్నామని రాయండి, మాట వరసకి కాదు నిజంగానే మార్చండి. వీడియో తీసేయమని మాత్రం బతిమాలొద్దు, ఆ చాట్ స్క్రీన్‌షాట్ కూడా బయటికొస్తుంది. అదే బ్యాచ్ ఇంకెవరికి పంపారో వాళ్ళకి ఈరోజే మెసేజ్ పెట్టండి.