‘ఇది మా మతాచారం’ అంటే చట్టం నుంచి మినహాయింపు దొరుకుతుందా?

ఒక ఆచారం మా మతంలో ఉంది, దానికి అడ్డొచ్చే రూలును కోర్టు పక్కన పెడుతుందా అని అడిగారు. ఆచారం ఉందని చూపిస్తే చాలదు. కారణం రాజ్యాంగం 25వ అధికరణంలోనే ఉంది. మాటల వరుస చూడండి: మొదట షరతులు (ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం, తక్కిన ప్రాథమిక హక్కులు), తర్వాత అంతరాత్మ స్వేచ్ఛ, ఆ తర్వాతే మతాన్ని అవలంబించడం, ఆచరించడం, ప్రచారం చేయడం. అంతరాత్మ అనే మాట ఉంది కాబట్టి ఏ మతమూ లేనివారికీ ఈ హక్కు ఉంది.

మత ఆచారమని వాదిస్తే కోర్టు ముందుగా చూసేది అది ఆ మతానికి ఆవశ్యకమా కాదా అని. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు, ఏది ఆవశ్యకమో ఆ మత సిద్ధాంతాలను బట్టే తేల్చాలన్నారు. మాట బాగానే ఉంది, అయితే తేల్చేది జడ్జీలే. 1958లో బక్రీద్‌కు ఆవును బలివ్వడం గురించిన వాదన నిలవలేదు. మేకనో ఒంటెనో ఇచ్చే వీలు గ్రంథంలోనే ఉంది కాబట్టి ఆవు తప్పనిసరి కాదన్నారు. 2004లో ఆనందమార్గ అనే ఆధ్యాత్మిక సంస్థవారి తాండవ నృత్యమూ ఇక్కడే ఓడింది: సంస్థ 1955లో పుట్టింది, నృత్యం 1966లో వచ్చి చేరింది.

అందుకే ‘తరతరాలుగా చేస్తున్నాం’ అన్న ఒక్క మాటతో పిటిషన్ వేయకండి. గ్రంథంలో ఆ వాక్యం ఎక్కడుంది, ప్రత్యామ్నాయం ఉందా, ఆచారం ఎప్పటినుంచి ఉంది అన్నవి ముందే చూసుకోండి. వేదవాక్యాలకు అర్థం తేల్చే మీమాంసకులు విధిని, అర్థవాదాన్ని వేరు చేస్తారు కదా, ఆ చూపు ఇక్కడ బాగా పనికొస్తుంది. ‘చేయాలి’ అన్నది విధి. ‘చేస్తే ఇంత పుణ్యం’ అన్నది అర్థవాదం, అంటే పొగడ్త. ఫలశ్రుతిని తెచ్చి ఆజ్ఞగా చూపిస్తే అవతలి వకీలు అక్కడే పట్టుకుంటాడు.

నాకు ఇంతకంటే న్యాయంగా అనిపించే దారి 1986 నాటి కేరళ కేసులో ఉంది. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన పిల్లలు ముగ్గురు జాతీయగీతానికి లేచి మర్యాదగా నిలబడ్డారు, పాడలేదు. బడి నుంచి తీసేశారు. పాడి తీరాలనే చట్టం లేదు. జాతీయ గౌరవాన్ని అవమానించకుండా తెచ్చిన 1971 చట్టం శిక్షించేది పాడేవాళ్లను అడ్డుకోవడాన్ని, సభను చెడగొట్టడాన్ని. జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ధర్మాసనం ఆ నమ్మకం మనకు సబబుగా తోస్తోందా అని అడగలేదు, వాళ్లు నిజంగా మనసా నమ్ముతున్నారా అని చూసింది. పిల్లలు గెలిచారు. ఈ అంతరాత్మ దారిలో వెళ్తే మీకు కావలసిన సాక్ష్యం గ్రంథం కాదు, మీ నడవడి: గొడవ రాకముందు నుంచీ పాటిస్తున్నారా, నష్టం వచ్చినప్పుడూ పాటించారా.

ఇక ఎదుట ఉన్న రూలును తూచడానికి ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ 1689లో ఇచ్చిన దూడ ఉదాహరణ ఇప్పటికీ పనికొస్తుంది. ఇంట్లో దూడను కోయడం తప్పు కానప్పుడు పూజలో కోయడాన్నీ అధికారి ఆపకూడదు. రోగమొచ్చి మందలు తగ్గిపోతే మాత్రం కొన్నాళ్లు అందరికీ వధ ఆపొచ్చు, ఎందుకంటే అక్కడ చట్టం చూస్తున్నది పశువులను, పూజను కాదు. (నాస్తికులకు మాత్రం లాక్ ఈ సహనం ఇవ్వలేదు, మన 25వ అధికరణం ఇచ్చింది.) మీ రూలు అందరికీ ఉందా, పూజగా చేసినప్పుడే అడ్డొస్తోందా అన్నది రాసి పెట్టుకోండి.

శబరిమల తీర్పు (2018) తర్వాత, 2019 నవంబరులో ఆవశ్యకత పరీక్షకు సంబంధించిన ప్రశ్నలను విస్తృత ధర్మాసనానికి పంపారు. కాబట్టి పిటిషన్‌లో ఆవశ్యకత ఒక్కదాన్నే నమ్ముకోకుండా అంతరాత్మ వాదనను కూడా విడిగా, దాని సాక్ష్యంతో సహా పెట్టండి.