నిఘా, పర్యవేక్షణ ఒకటేనా?

సందేహం: జార్జ్ ఆర్వెల్ నవల ‘నైన్‌టీన్ ఎయిటీ ఫోర్’ మీద ఒక వ్యాసం రాశాను. అందులో ‘ప్రభుత్వం పౌరులను నిఘా చేస్తుంది’ అన్నాను. ‘నిఘా’ తెలుగు మాట కాదు, ‘పర్యవేక్షణ’ అనాలని ఒక పెద్దాయన దిద్దారు. ఏది సరైనది?

సమాధానం: నిఘా అనే ఉంచండి. అది ‘చూపు’ అనే అర్థమున్న పారసీ ‘నిగాహ్’ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిందన్నది నిజమే. కాగితం, జేబు కూడా అలా వచ్చినవే; వాటిని ఎవరూ కాదనడం లేదు. పైగా మనం దాన్ని ఉన్నదున్నట్టు తీసుకోలేదు. ఉర్దూలో ప్రేమగా చూసినా నిగాహే. మనకు మాత్రం తప్పు దొరుకుతుందేమోనని కాచుకుని చూసే చూపే నిఘా.

పర్యవేక్షణ సంగతి వేరు. పరి + అవేక్షణ, యణాదేశ సంధి. అన్ని వైపులా చూసుకోవడం. పరీక్ష హాల్లోనూ, వంతెన కట్టే చోటా జరిగేది అది. పని సవ్యంగా సాగాలని, అందరికీ తెలిసేలా, బాధ్యత ఉన్నవాళ్లు చేస్తారు. ఇక ‘కనిపెట్టి ఉండటం’లో ఆప్యాయత కూడా ఉంది: ‘నేను వచ్చేదాకా పిల్లాణ్ణి కాస్త కనిపెట్టి ఉండమ్మా’ అంటాం కదా.

1949లో వచ్చిన ఆ నవలలో కథానాయకుడు విన్‌స్టన్ స్మిత్ గదిలోని టెలిస్క్రీన్ బొమ్మలు చూపించడమే కాదు, అతన్నీ చూస్తుంది. తగ్గించుకోవచ్చు గానీ పూర్తిగా ఆపేయడం కుదరదు. ఏ క్షణాన తనను చూస్తున్నారో తెలియదు. అందుకే దాని కంట పడని మూలలో ఒదిగి కూర్చుని డైరీ మొదలుపెడతాడు. దీన్ని పర్యవేక్షణ అంటే ఆ టెన్షన్ అంతా పోయి, మామూలు ఆఫీసు పనిలా వినిపిస్తుంది. నవలలోని రాజ్యం చేసేదీ అదే, ఘోరాలకు మెత్తని పేర్లు పెట్టడం. చిత్రహింసలు పెట్టే శాఖకు ‘ప్రేమ’ పేరు, పాత పత్రికల్ని దిద్ది అబద్ధాలు అచ్చువేసే శాఖకు ‘సత్యం’ పేరు. పాలకులు తయారుచేసిన కొత్త భాషలో ‘ఫ్రీ’ అన్న మాట ఉంటుంది, కానీ కుక్కకు పేలు లేవని (‘ఫ్రీ ఫ్రమ్ లైస్’) చెప్పడానికే. స్వేచ్ఛ అన్న అర్థం తీసేశారు. అలాంటి నవల గురించి రాసేటప్పుడు మాటను మెత్తబరచకండి, దయచేసి.

మీ వాక్యంలో దిద్దాల్సింది క్రియ. నిఘా చేయం; పెడతాం, వేస్తాం, ఉంచుతాం. అప్పుడు ‘పౌరులను’ కూడా పొసగదు, ‘పౌరులపై’ అనాలి: ‘ప్రభుత్వం పౌరులపై నిఘా పెడుతుంది’. అది ఎడతెగనిదని చెప్పాలంటే ‘ప్రభుత్వ నిఘా పౌరులను వెంటాడుతూనే ఉంటుంది’ అని రాయవచ్చు.