పాత రెగే సింగిల్స్ కొనేటప్పుడు గాయకుడి పేరు ఒక్కటే చూస్తే చాలదు

మీరు మూడు సంగతులు అడిగారు. కొత్తగా టర్న్‌టేబుల్ కొన్నవారు 1960, 70ల నాటి జమైకా రెగే సంగీతం సింగిల్స్‌లో (పక్కకొక పాట ఉండే చిన్న రికార్డుల్లో) ముందుగా ఎవరివి కొనాలి, పాత ముద్రణను ఎలా గుర్తుపట్టాలి, రికార్డు రెండో వైపున అదే పాట మాటలు లేకుండా ఎందుకు ఉంటుంది అని. నేను పదకొండేళ్లుగా బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఉంటూ ఈ ఏడంగుళాల ప్లేట్లు కొంటున్నాను, కొన్నిసార్లు మోసపోయాను కూడా. మీ చివరి ప్రశ్నకు జవాబు తెలిస్తే మిగతా రెండూ సులువవుతాయి కనుక అక్కడే మొదలుపెడతాను.

నేను మొదట కొన్న జమైకా రికార్డు వెనకవైపు లేబులు మీద "వెర్షన్" అన్న ఒక్క మాటే ఉంది. ముల్లు పెడితే గాయకుడు పల్లవిలో రెండు మాటలు పలికి మాయమైపోయాడు. తరవాత డ్రమ్ములు, బేస్ గిటారు తప్ప ఏమీ లేవు. నడుమ నడుమ ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు గిటారు ఒకసారి మోగి ఆగిపోతోంది. పాడైన సరుకు అంటగట్టారనుకుని మర్నాడు దుకాణానికి తిరిగి పట్టుకెళ్లాను. కౌంటరు దగ్గర ఉన్న జమైకా పెద్దాయన దాన్ని మళ్లీ వేసి, మొత్తం విని, "చాలామంది ఈ వైపు కోసమే కొంటారు" అన్నారు. డబ్బు వెనక్కి అడగడానికి నాకు నోరు రాలేదు.

జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో ఆ రోజుల్లో సంగీతం ఎక్కువగా వీధుల్లోనూ, ఖాళీ స్థలాల్లోనూ పెద్ద పెద్ద స్పీకర్లు పేర్చి నడిపే సౌండ్ సిస్టమ్‌ల ద్వారానే జనానికి చేరేది. 1960ల చివర్లో రడ్డీ రెడ్‌వుడ్ అనే సౌండ్ సిస్టమ్ యజమాని కోసం నిర్మాత డ్యూక్ రీడ్‌కు చెందిన ట్రెజర్ ఐల్ స్టూడియోలో పారగాన్స్ బృందం పాట ఒకటి డిస్కు మీదికి ఎక్కిస్తున్నప్పుడు, ఇంజనీరు పొరపాటున గాత్రం కలపడం మరిచిపోయాడని, ఆ రాత్రి దాన్ని వేస్తే జనమే మాటలు అందుకుని పాడారని చెబుతారు. పొరపాటు కాస్తా పద్ధతిగా మారింది. అదే స్టూడియోలో పాటల్ని డిస్కుల మీదికి ఎక్కించిన కింగ్ టబ్బీ, అసలు పేరు ఆస్‌బోర్న్ రడ్డాక్, వృత్తిరీత్యా ఎలక్ట్రానిక్స్ మనిషి. ఆయన కింగ్‌స్టన్‌లోని వాటర్‌హౌస్ పేటలో తన ఇంట్లో కూర్చుని, వచ్చిన టేపుల్లో గాత్రాన్ని తీసేస్తూ, ప్రతిధ్వనిని కలుపుతూ, ఆ వెనకవైపునే ఒక ప్రత్యేకమైన కళగా తీర్చిదిద్దారు. దాన్నే డబ్ అంటున్నాం.

గాత్రం తీసేస్తే మిగిలేదాన్ని అక్కడ రిద్దిమ్ అంటారు. మన భజన మండళ్లలో సినిమా వరసకు అయ్యప్ప పాట కట్టుకున్నట్టే, జమైకాలో ఒకసారి కుదిరిన రిద్దిమ్ మీద పది మంది పది పాటలు పాడతారు, దాన్ని ఎవరూ తప్పుగా చూడరు. మా ఊరికి సంబంధించిన ఉదాహరణే ఒకటి ఉంది. కింగ్‌స్టన్‌లోని స్టూడియో వన్ అనే స్టూడియోలో 1960ల చివర్లో సౌండ్ డైమెన్షన్ అనే పేరుతో "ఫుల్ అప్" అనే వాద్య సంగీతం వచ్చింది. 1980ల మొదట్లో మైటీ డైమండ్స్ అదే రిద్దిమ్ మీద "పాస్ ద కుచీ" పాడారు. కుచీ అంటే గంజాయి చిలుము. 1982లో బర్మింగ్‌హామ్ పిల్లల బృందం మ్యూజికల్ యూత్ ఆ పాటను ఎత్తుకుని, చిలుము స్థానంలో వంట గిన్నెను, అంటే "డచీ"ని పెడితే, అది బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. (జమైకా వాళ్లు ఇప్పటికీ గాంజా అనే అంటారు, 1845 నుంచి కూలీలుగా ఆ దీవికి వెళ్లిన భారతీయులతో పాటు వెళ్లిన మాట అది.) మొదట నేను మ్యూజికల్ యూత్ రికార్డే కొన్నాను. మిగతా రెండూ చేతికందడానికి నాలుగేళ్లు పట్టింది.

అసలు కళాకారులు ఎవరన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. లేబులు మీద గాయకుడి పేరు పెద్దగా ఉంటుంది, వాయించినవారి పేర్లు తరచుగా ఉండవు. స్టూడియో వన్ పాటల్లో మీకు నచ్చిన బేస్ చాలాచోట్ల హెప్టోన్స్ బృందం గాయకుడు లెరాయ్ సిబుల్స్‌ది, కీబోర్డు జాకీ మిట్టూది కావచ్చు. 1970ల నడిమి నుంచి చానెల్ వన్ స్టూడియో పాటల్లో వినిపించే ఆ బిగువైన డ్రమ్ము దెబ్బ స్లై డన్‌బార్‌ది. అందుకని లేబులు మీద నిర్మాత పేరు ఎవరిదో ముందు చూడండి. స్టూడియో వన్ యజమాని కాక్సన్ డాడ్ అంటే బేస్ ముందుకొస్తుంది. మాజీ పోలీసు అయిన డ్యూక్ రీడ్ అంటే గొంతులు తేనెలా కలిసిపోతాయి. లీ పెర్రీ అంటే ఏం వినబడుతుందో ముందు చెప్పలేం. నా మట్టుకు నేను డ్యూక్ రీడ్ వైపే మొగ్గుతాను.

మొదటి కొనుగోలుకు అరుదైనవాటి జోలికి వెళ్లకండి. డెస్మండ్ డెక్కర్ "ఇజ్రాయెలైట్స్" 1969లోనూ, ఆల్థియా, డోనా అనే ఇద్దరు టీనేజి అమ్మాయిల "అప్‌టౌన్ టాప్ ర్యాంకింగ్" 1978లోనూ బ్రిటన్‌లో మొదటి స్థానం అందుకున్నవి. అంత అమ్ముడుపోయాయి కనుక బ్రిటిష్ ముద్రణలు ఇప్పటికీ చవకగానే దొరుకుతాయి. రెండోదాని రిద్దిమ్‌కు మూలం 1967లో ఆల్టన్ ఎల్లిస్ పాడిన పాట. అక్కడి నుంచి ఎల్లిస్ వైపు వెళితే, ఆ తరవాత డెనిస్ బ్రౌన్, గ్రెగరీ ఐజాక్స్ అనే గాయకులు మీకు వాళ్లంతట వాళ్లే తగులుతారు.

ఇక పాత ముద్రణను గుర్తుపట్టడం. మూడేళ్ల క్రితం ఒక ఆన్‌లైన్ అమ్మకందారు ట్రెజర్ ఐల్ తొలి ముద్రణ అని చెబితే నలభై పౌండ్లు ఇచ్చి ఒకటి తెప్పించుకున్నాను. భూతద్దం పెట్టి చూస్తే లేబులు అక్షరాల అంచులు అలికినట్టున్నాయి. పాత లేబులును స్కాన్ చేసి మళ్లీ అచ్చేసినప్పుడు అలా అవుతుంది. ముల్లు చివరికి చేరాక మిగిలే నున్నటి వలయంలో పాత జమైకా రికార్డులకు సాధారణంగా చేత్తో గీకిన అంకెలు, అక్షరాలు ఉంటాయి; నా దాంట్లో యంత్రంతో తీర్చిన అంకెలున్నాయి. ఆ వలయం ఫోటో ముందే అడిగి ఉంటే ఆ డబ్బు మిగిలేది. లేబులు మీద సంవత్సరం తరచుగా ఉండదు, పేర్లలో అచ్చుతప్పులు మామూలే, కనుక తప్పులు చూసి నకిలీ అనుకోకండి. రంధ్రం కొంచెం పక్కకు పడి, టోన్‌ఆర్మ్ ఊయలలా ఊగుతూ శ్రుతి అటూ ఇటూ జారే రికార్డులు కూడా అసలువే.

ఒకే పాటకు జమైకా ముద్రణ, బ్రిటిష్ ముద్రణ ఒకేలా ఉంటాయనుకోవడం నా ఇంకో పొరపాటు. బాబ్ ఆండీ, మార్షియా గ్రిఫిత్స్ కలిసి పాడి 1970లో బ్రిటన్‌లో విజయం సాధించిన "యంగ్, గిఫ్టెడ్ అండ్ బ్లాక్"కు అక్కడి శ్రోతల కోసం వయొలిన్లు జోడించారు. రెండూ పక్కపక్కన వింటే జమైకాదే నాకు నచ్చింది, చప్పుడు ఎక్కువైనా సరే.

మన ఇళ్లలో ఉండే పాత తెలుగు సినిమా పాటల 45 ఆర్‌పీఎం ప్లేట్లకు నడుమ చిన్న రంధ్రం ఉంటుంది కదా, జమైకావాటికి రూపాయి బిళ్ల కంటే పెద్దది ఉంటుంది. ప్లాస్టిక్ అడాప్టరు లేకుండా అది మీ టర్న్‌టేబుల్ మీద నిలవదు, కనుక మొదటి రికార్డుతో పాటే రెండు అడాప్టర్లు తెప్పించుకోండి. నా మొదటిది వారం తిరక్కుండానే సోఫా కిందికి పోయింది.