పెద్ద కారు పార్క్ చేసేటప్పుడు అలాయ్ వీల్స్ ఫుట్‌పాత్‌కు గీసుకోకుండా ఏం చేయాలి?

స్విఫ్ట్ లాంటి చిన్న కారు నుంచి ఇన్నోవా క్రిస్టాకు మారినవాళ్లకు ముందుగా ఎదురయ్యే సమస్య ఇదే. మన దగ్గర ఎక్కువగా దెబ్బతినేది ఎడమవైపు వెనక చక్రం. మలుపులో వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. క్రిస్టా వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2750 మి.మీ.; వీల్‌బేస్ పెరిగేకొద్దీ ఈ కోత కూడా పెరుగుతుంది.

అందుకే ముక్కు ముందు పెట్టి ఖాళీలోకి దూర్చకండి. ముందున్న బండి పక్కన ఆపి, రివర్స్‌లో రండి. ఎడమ అద్దాన్ని కిందికి వంచుకుంటే వెనక చక్రం, ఫుట్‌పాత్ అంచు రెండూ ఒకేసారి కనిపిస్తాయి. మామూలు రివర్స్ కెమెరా వెనకేముందో చూపిస్తుంది గానీ పక్కనున్న చక్రాన్ని చూపించదు, దాన్నే నమ్ముకోవద్దు. చక్రం అంచుకు ఇంకా మూరెడు దూరంలో ఉండగానే స్టీరింగ్ కుడికి తిప్పడం మొదలుపెట్టండి. చివరికి జానెడు ఖాళీ మిగిలినా ఫర్వాలేదు, ఇంకా దగ్గరికి జరపాలని పట్టుబట్టొద్దు.

ఫుట్‌పాత్‌కు గట్టిగా తగిలితే గీతలతో పాటు టైరు పక్క భాగం (సైడ్‌వాల్) కూడా చూడండి. అక్కడ ఉబ్బు కనిపిస్తే లోపలి దారాలు తెగినట్టే, టైరు మార్చాల్సిందే.